పిల్లచేతి వంట

"మూడు కప్పుల పిండికి కప్పు పాలు. మరి కప్పున్నర పిండికి?"

బ్రోనీ పిండి కప్పు కేసి చూసింది, పాల జగ్గు కేసి చూసింది, ముక్కు ఎగబీల్చి, "అరకప్పు" అంది.

"ఎలా తెలిసింది?"

"సగం పిండికి సగం పాలు. అంతేగా! పిండేమన్నా మోసం చేస్తుందా?"

తల్లి వెరిటీ పాస్కోకి నవ్వొచ్చింది. ఇదే లెక్కని కాగితం మీద వేసిస్తే ఈ పిల్ల పెన్సిలు కొరుక్కుంటూ గంటసేపు కూర్చునేది. కాగితం మీద అంకెలు బ్రోనీ కళ్ళముందు చీమల్లా చెదిరిపోతాయి. గిన్నెలో వేస్తే మాత్రం బుద్ధిగా కూర్చుంటాయి. ఆ సంగతి బడికి తెలియలేదు, వెరిటీకి తెలిసింది. అందుకే పిల్లని బడి మాన్పించింది. ఇప్పుడు వాళ్ళ బడి ఈ వంటింటి బల్లే. కొలతలతో లెక్కలు, వంట పుస్తకంతో చదువు, సోడా మీద వెనిగర్ పోసి సైన్సు. ఇంటి చదువులు చూసే అధికారిణి వచ్చి, టీ తాగి, పిల్ల చేసిన బిస్కట్లు తిని, "బాగుంది, సాగించండి" అని వెళ్ళింది. ప్రభుత్వానికి సరిపోయింది గానీ ఊరికి సరిపోలేదు. టాస్మేనియా ద్వీపానికి దక్షిణాన, ఆపిల్ తోటల మధ్య ఉన్న చిన్న ఊరది. అక్కడ ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అందరికీ కావాలి. "వంటింటి బడి" అని పేరు పెట్టి నవ్వుకుంటున్నారు. వెరిటీ వినీ విననట్టు ఊరుకుంటోంది గానీ, లోపల ఒళ్ళు మండుతూనే ఉంది.

అందుకే ఈసారి షోలో బ్రోనీ పేరు ఇచ్చింది. ఏటా వసంతంలో జరిగే వ్యవసాయ ప్రదర్శన అది. గొర్రెలు, గుర్రాలు, గొడ్డలితో దుంగలు నరికే పందేలతో పాటు హాల్లో వంటల పోటీలుంటాయి. పదేళ్ళలోపు పిల్లలకి స్కోన్ల పోటీ. అరచేతిలో ఇమిడే ఆ గుండ్రటి రొట్టెలు ఆరు, తెల్ల కాగితం ప్లేటులో పెట్టివ్వాలి. ఊరంతా చూస్తుంది. చూడనీ.

"చల్లటి వెన్న. వేళ్ళ కొసలతోనే నలుపు, అరచెయ్యి తగలనివ్వకు" అంది వెరిటీ.

బ్రోనీ నాలిక కొస బయటపెట్టి, వెన్న ముక్కల్ని పిండిలో నలపసాగింది. పిండి పైకెత్తి వేళ్ళ మధ్యనుంచి రాలుస్తుంటే చొక్కా మీద పడుతోంది. వెరిటీ తువ్వాలు తెచ్చి చొక్కా దులిపింది. గిన్నె జారుతోందని ఒక చేత్తో పట్టుకుంది. పాలు పోసేటప్పుడు జగ్గు అడుగున వేలు పెట్టి ఆపింది. బల్ల మీద పిండి చల్లింది. బ్రోనీ ముద్దని తట్టి బొటనవేలంత మందంగా పరిచాక, అంచులు సరిగ్గా లేవని తను రెండుసార్లు తట్టింది.

"ఇప్పుడు అచ్చు. పిండిలో ముంచి, ఇలా, తిన్నగా."

గుండ్రటి రేకు అచ్చు మీద బ్రోనీ చెయ్యి, ఆ చేతి మీద వెరిటీ అరచెయ్యి. రెండూ కలిసి దిగాయి, కలిసి లేచాయి. ముక్క అందంగా ఊడి వచ్చింది. మళ్ళీ రెండు చేతులూ దిగాయి. ట్రేలో ఒకదాన్నొకటి ఆనుకునేలా బ్రోనీ పేర్చింది. పాలు పూసే బ్రష్షు వెరిటీ తీసుకుంది, పిల్ల పూస్తే పక్కలకి కారుతుందని. ఓవెన్ తలుపు తెరిచింది, వేడి కదా అని. బయటికి తీసింది కూడా తనే.

స్కోన్లు నిటారుగా, బంగారు రంగు నెత్తులతో నిలబడ్డాయి.

డెస్ అప్పుడే వచ్చాడు. చేపల పెంపకం దగ్గర పని. రబ్బరు బూట్లు గుమ్మంలో విడుస్తూ, "ఆహా! ఎవరు చేశారు?" అన్నాడు.

"బ్రోనీ" అంది వెరిటీ గర్వంగా.

"ఓహో. మరి ముక్కు మీద పిండి నీకుందేం?"

వెరిటీ ముక్కు తుడుచుకుని తువ్వాలుతో మొగుణ్ణి కొట్టింది. ఇద్దరూ నవ్వారు. బ్రోనీ మాత్రం సింకు దగ్గర నిలబడి అచ్చు కడుగుతోంది. ఆమె నవ్వలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తాజాగా ఇంకో వాయి చేశారు. అలాగే, నాలుగు చేతులతో. వాటిలో మేలైనవి ఆరు ఏరి ప్లేటులో పెట్టి, పల్చటి గుడ్డ కప్పి, కారులో బ్రోనీ ఒళ్ళో పెట్టింది వెరిటీ. గుంతలొచ్చినప్పుడల్లా పిల్ల ప్లేటుని రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది.

షో హాల్లో పొడుగాటి బల్లలు వేసి తెల్లగుడ్డలు పరిచారు. జాం సీసాలు, కేకులు, పచ్చళ్ళు, మూడంతస్తుల పెళ్ళి కేకు ఒకటి. తల్లులు, అమ్మమ్మలు వరుసలో నిలబడ్డారు. బల్లకి అవతల హిల్డా క్లెమెట్ ఉంది. వంటల విభాగానికి ఆమే పెద్ద. ఆమె కాదంటే కేకు కాదు, ఔనంటే ఔను. ఆమె తల్లి హయాంలోనూ అంతే.

"పేరు?"

"బ్రోన్విన్ పాస్కో. పదేళ్ళలోపు స్కోన్లు."

"ఏ బడి?"

"ఇంట్లోనే, హిల్డా. మీకు తెలుసుగా."

హిల్డా కళ్ళజోడు సర్దుకుంది. ఒక స్కోను తీసి అడుగు చూసింది, పక్క చూసింది, మళ్ళీ పెట్టేసింది.

"ఇది చిన్నపిల్ల పని కాదు."

వరుసలో తలలన్నీ ఇటు తిరిగాయి.

"అంటే?" అంది వెరిటీ.

"అంటే ఏముంది! నలభయ్యేళ్ళుగా స్కోన్లు చూస్తున్నాను తల్లీ. ఇంత తిన్నగా లేవాలంటే ఈడొచ్చిన చెయ్యి కావాలి."

వెరిటీ బల్ల మీదికి చూసింది. ఊరి బడి నుంచి వచ్చిన ప్లేట్లు అప్పటికే వరుసగా ఉన్నాయి. అన్నీ తిన్నగానే ఉన్నాయి. అన్నిటి నెత్తులూ ఒకే రంగులో, ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి.

"మరి అవో? అవి ఏ ఈడు చేతులు?"

ఈ మాటతో వరుసలో ఇద్దరు ముగ్గురు గుమ్మడికాయల దొంగల్లా భుజాలు తడుముకున్నారు. ఒకామె ఉన్నట్టుండి జాం సీసా మూత బిగించడంలో మునిగిపోయింది.

"అవి బడిలో చేసినవి. పిల్లలే చేశారని వాళ్ళ టీచరు చెప్పింది. నీ పిల్ల సంగతి ఎవరు చెప్పాలి? నువ్వేగా?"

"నేను దాని టీచర్నే."

ఎవరో కిసుక్కున నవ్వారు. హిల్డా నవ్వలేదు, అదే ఇంకా మండించింది.

"బాగుందమ్మా. బడికి పంపవు, పరీక్షకి కూర్చోబెట్టవు, పాఠమూ నీదే, మార్కులూ నీవే. ఇక బహుమతి కూడా మీ వంటింట్లోనే ఇచ్చేసుకోకపోయావా? ఇక్కడిదాకా ఎందుకు?" అని, బ్రోనీ వైపు వంగింది. గొంతు కొంచెం మెత్తబడింది. "నువ్వు చెప్పు అమ్మాయ్. నువ్వే చేశావా? మొత్తం?"

బ్రోనీ చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ కేసి చూసింది. ప్లేటు కేసి చూసింది. వినీ వినబడకుండా, "చేశాను మిసెస్ క్లెమెట్" అంది.

హిల్డా ప్లేటు తీసుకెళ్ళి బల్ల చివర, టీ నీళ్ళు మరిగే పెద్ద పాత్ర పక్కన పెట్టింది. "చూడ్డానికి ఉంచుతాను. పోటీలో మాత్రం కాదు."

వెరిటీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత తెగింపు! బెదిరిపోయిన పిల్లని నలుగురిలో నిలబెట్టి నిలదీసి, ఆ బెదురునే సాక్ష్యంగా వాడుకుంటారా? టీచరు నోటిది వేదం, తల్లి నోటిది అబద్ధమా? తొమ్మిదేళ్ళ పిల్ల ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చిన ప్లేటు టీ పాత్ర పక్కకా?

"రేపు పొద్దున చేస్తుంది" అంది. "ఇక్కడే. ఈ హాలు వంటగదిలో, మీ ఓవెన్లో, మీ కళ్ళముందే. అప్పుడేమంటారో చూస్తాను."

"చెయ్యనీ" అంది హిల్డా. "పిండీ వెన్నా నేనే ఇస్తాను. నువ్వు మాత్రం తలుపవతల."

"అవతలే ఉంటాను. అవతలుండి మీ మొహం చూస్తాను."

తిరిగి వస్తుంటే కారులో వెరిటీ ఒక్కతే మాట్లాడింది. హిల్డాని, హిల్డా తల్లిని, ఊరి బడిని, టీచర్ని, ఎవర్నీ వదల్లేదు. ఆపిల్ తోటలు దాటాక గానీ పక్కన పిల్ల నోరు విప్పలేదని గమనించలేదు.

"ఏం బంగారం? భయమేసిందా?"

"నన్నడక్కుండానే చెప్పేశావు."

"ఏంటి, నువ్వు చెయ్యలేవా?"

"తెలీదు. ఎప్పుడూ చెయ్యలేదుగా."

"ఓవెన్ ఏదైనా ఒకటేలే. అది కొంచెం పాతది, అంతే" అంది వెరిటీ.

బ్రోనీ కిటికీలోంచి బయటికి చూస్తూ, "బడిలో కూడా అలాగే అన్నారు. నేను పట్టుకెళ్ళిన బొమ్మ మీ అమ్మ వేసిందని" అంది.

ఆ సంగతి వెరిటీకి ఇన్నాళ్ళూ తెలియదు. కోపం రెట్టింపయింది. ఆ బొమ్మలో ఆకాశం మాత్రమే తను సర్దింది, మిగతాదంతా పిల్లే వేసింది. ఇంటికెళ్ళేదాకా ఆ టీచర్ని మళ్ళీ మొదటినుంచి తిట్టింది.

శనివారం పొద్దున మంచు ఇంకా గడ్డి మీద ఉంది. హాలు వెనక వంటగదికి ఒక వెడల్పాటి కిటికీ ఉంది, బయట పూలకుండీలు. వెరిటీ, డెస్ అక్కడ నిలబడ్డారు. లోపల బ్రోనీ, హిల్డా. అద్దం మూసి ఉంది, మాటలు వినబడవు.

హిల్డా పిండి సంచీ, వెన్న, పాలు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని అల్లిక తీసింది. బ్రోనీ చేతులు కడుక్కుంది. కప్పుతో పిండి తీసి, కత్తి వెనకవైపుతో పైన చదును చేసింది. వెన్న నలపడం మొదలెట్టింది. గిన్నె జారింది. ఆగి, చుట్టూ చూసి, తడిగుడ్డ తెచ్చి గిన్నె కింద వేసుకుంది.

"చూశావా, దానికి తెలుసు" అంది వెరిటీ.

"చూస్తున్నాను" అన్నాడు డెస్.

పాలు కొంచెం ఎక్కువ పోసింది. ముద్ద వేళ్ళకి అంటుకుంది. ఇంకాస్త పిండి చల్లి తట్టింది. ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. వెరిటీ వేళ్ళు కోటు జేబులో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. తరవాత బ్రోనీ అచ్చు తీసుకుంది. పిండిలో ముంచింది. ముద్ద మీద పెట్టి నొక్కి, సీసా మూత తిప్పినట్టు గిర్రున తిప్పింది.

"అయ్యో, తిప్పకూడదు!"

తిప్పితే అంచులు నలిగి మూసుకుపోతాయి. రొట్టె ఒక పక్కే లేచి, ఒరిగిపోతుంది. ఈ ఊళ్ళో ఏ ఆడదాన్ని లేపి అడిగినా చెబుతుంది. బ్రోనీకీ చెప్పింది, ఎన్నిసార్లు చెప్పిందో! వెరిటీ అద్దం మీద టకటకా కొట్టింది. బ్రోనీ తలెత్తింది. వెరిటీ తల అడ్డంగా ఊపుతూ, అరచేత్తో గాలిని తిన్నగా కిందికి నొక్కి చూపించింది. ఇలా. తిన్నగా. మళ్ళీ నొక్కింది.

హిల్డా అల్లిక ఆపి కిటికీ కేసి చూసింది.

బ్రోనీ అచ్చు పట్టుకుని బల్ల చుట్టూ నడిచి, ఇటు వైపుకి వచ్చి, కిటికీకి వీపు పెట్టి నిలబడింది. ఇప్పుడు ఆమె చేతులు కనబడటం లేదు. మోచెయ్యి మాత్రం కనబడుతోంది. అది కిందికి దిగి, గిర్రున తిరిగి, పైకి లేస్తోంది.

"వెరిటీ, చెయ్యి దించు" అన్నాడు డెస్ నెమ్మదిగా.

వెరిటీ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని చూసుకుంది. ఈ అరచెయ్యి పైన లేకుండా ఆ పిల్ల ఒక్కసారి కూడా అచ్చు దింపలేదు. తిప్పాలో, నొక్కాలో ఆ చిన్న చేతికి తెలిసే అవకాశమే రాలేదు. నిన్న ఎప్పుడూ చెయ్యలేదంటే ఓవెన్ గురించి అనుకుంది తను! పిల్ల ఎంత తేటగా చెప్పింది! అంతకంటే తేటగా ఎలా చెప్పాలి ఎవరైనా?

సిగ్గు ముందొచ్చింది. వెనకే కోపమూ వచ్చింది. ఆ కోపం హిల్డా మీద పెట్టబోతే నిలబడలేదు. డెస్ మీద నిలబడలేదు. చివరికి తిరిగొచ్చి తన మీదే కూర్చుంది. పోనీ, తనేం పాపం చేసింది? పిల్ల ఓడిపోకూడదనుకుంది. నిజమేనా? ఓడిపోకూడనిది పిల్లా, తనా? వంటింటి బడి అని నవ్విన నోళ్ళు మూయించడానికి నిటారు స్కోన్లు కావలసింది ఎవరికి? ఈ ప్రశ్న ఆమెకి ఏమాత్రం నచ్చలేదు. అయినా అది కదల్లేదు.

ఓవెన్ తలుపు బ్రోనీయే తీసింది. పొడుగు చేతి తొడుగులు మోచేతులదాకా వచ్చాయి. ట్రే బల్ల మీద పెట్టి వెనక్కి తగ్గింది. స్కోన్లన్నీ ఒరిగి ఉన్నాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఒకటి పక్కదాని భుజం మీద వాలింది. పాలు పక్కలకి కారి మాడి మచ్చలయ్యాయి. బ్రోనీ వాటి చుట్టూ తిరిగి చూసింది. వంగి వాసన చూసింది. ఆరు ఏరడానికి చాలాసేపు పట్టింది. పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. తిన్నగా ఉన్నవాటికోసం వెతుకుతోందనుకుంది వెరిటీ. కాదు, బాగా పొంగినవాటికోసం వెతుకుతోంది, ఎంత ఒరిగినా సరే.

హిల్డా ఒకటి తీసి అడుగు చూసింది, పక్క చూసింది. ప్లేటు పట్టుకుని హాల్లోకి వెళ్ళి, పోటీ వరుసలో పెట్టింది.

న్యాయనిర్ణేత ద్వీపం ఉత్తరాన్నుంచి వచ్చిన పెద్దావిడ. తలుపులు మూసి పరీక్ష చేశారు. మధ్యాహ్నం తలుపులు తెరిచేసరికి ఊరంతా లోపలికి తోసుకొచ్చింది. టీ పాత్ర పక్కన నిన్నటి ప్లేటు ఖాళీగా ఉంది. పనిచేసేవాళ్ళు పొద్దున టీలోకి తినేశారట, చాలా బాగున్నాయట. వెరిటీ ఆ పొగడ్త మింగలేక కక్కలేక నిలబడింది.

మొదటి బహుమతి నీలం రిబ్బను ఊరి బడి ప్లేటుకి వచ్చింది. రెండోదీ ఆ బడికే. బ్రోనీ ప్లేటుకి ఏమీ రాలేదు. ఒక స్కోను మాత్రం రుచి చూడ్డానికి రెండుగా విరిచి ఉంది.

నీలం రిబ్బను వెనక ఒక తల్లి నిలబడి ఫోటో తీయించుకుంటోంది. ముందు ఆమె కొడుకు, ఎర్రజుట్టు కుర్రాడు. "నవ్వరా, గెలిచావుగా!" అంటోంది తల్లి. వాడు బూట్ల కేసి చూస్తున్నాడు. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి. వెరిటీ ఆ స్కోన్ల కేసి చూసింది. నిటారుగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. ఏ ఈడు అరచెయ్యి వాటిని దింపిందో ఆమెకి చూడగానే తెలిసింది. తెలియకేం!

అందరి ముందూ అరవాలనిపించింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. కానీ హిల్డా పక్కనుంచి వెళ్తుంటే మాత్రం ఆగలేకపోయింది.

"నిన్న నా ప్లేటుని అడిగిన మాట ఇవాళ ఈ ప్లేటుని ఎందుకడగలేదు, హిల్డా?"

హిల్డా ఆగింది. అలిసిపోయి ఉంది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అడిగితే ఈ బల్ల మీద ఎన్ని మిగుల్తాయే పిచ్చిదానా?"

"ఒకటి మిగులుతుంది."

హిల్డా ఆ ఒక్కదాని కేసి చూసి, టీ పాత్ర వైపు వెళ్ళిపోయింది.

బ్రోనీ జనంలోంచి దూరుకుంటూ వచ్చింది. చొక్కా నిండా పిండి, ఒక చెయ్యి మీద చిన్న కాలిన మచ్చ. దులపడానికి వెరిటీ చెయ్యి సగందాకా వెళ్ళింది. వెనక్కి తీసుకుంది.

"ఏమీ రాలేదమ్మా నాకు!"

"చూశాను తల్లీ. బాధగా ఉందా?"

"కొంచెం. రిబ్బను బాగుంది." బ్రోనీ వెనక్కి తిరిగి బల్ల మీది తన ప్లేటు కేసి ఇంకోసారి చూసుకుంది. "వచ్చినవాళ్ళందరూ నా వంకర స్కోన్లు చూసి నవ్వారమ్మా. హాలంతా నవ్వింది. కానీ ఒక్కళ్ళు కూడా నువ్వే చేశావా అని అడగలేదు."